వంక ఒడ్డున అమెరికా ఎన్నిక

అమెరికా వాళ్లు తమ అధ్యక్షుణ్ణి ఎలా ఎన్నుకుంటారో చెప్పడానికి నేను కడప జిల్లా వెళ్లి వచ్చాను. ఈ మాట వినగానే మా తెనాలిలో సగం మంది నవ్వారు. అమెరికా గురించి చెప్పేవాడు అమెరికా వెళ్లి రావాలి గాని ప్రొద్దుటూరు వెళ్లి రావడమేమిటని వాళ్ల ప్రశ్న. నేను అమెరికా చూడలేదు. సైకిలు షాపు నడుపుకునేవాణ్ణి, చూస్తానన్న ఆశా లేదు. కానీ మా గ్రంథాలయంలో ఆ దేశపు ఎన్నికల మీద ఉన్న పుస్తకాలన్నీ చదివాను. ఇంగ్లీషువి నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడికి అది చిన్న సంగతి కాదని ఇప్పటికీ అనుకుంటాను.

నన్ను పిలిచింది పుల్లయ్య. ప్రొద్దుటూరులో ఒక పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తా. బంధువుల పెళ్లికి మా ఊరు వచ్చి, పెళ్లి వదిలేసి గ్రంథాలయంలో కూర్చున్న మనిషి. అక్కడే మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. "మా పఠన మందిరంలో ఒకసారి చెప్పప్పా, జమ్మలమడుగులోనూ పులివెందులలోనూ కూడా ఏర్పాటు చేస్తా" అన్నాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన సంబరానికి కట్టిన తోరణాలు ఇంకా ఎండనైనా లేదు. అమెరికాలో అధ్యక్ష ఎన్నిక కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. అంతకన్నా మంచి సమయం దొరకదని షాపు తమ్ముడికి అప్పగించి బయలుదేరాను.

ప్రొద్దుటూరు: ఏనుగూ గాడిదా

ఎర్రగుంట్లలో రైలు దిగి బస్సెక్కితే దారి పొడవునా ఎండిన చెనిక్కాయ తీగల కుప్పలే. వేరుశెనగ అంటే అక్కడ ఎవరికీ అర్థం కాదు. చెనిక్కాయ అనాలి. మా వైపు నేల నల్లగా, తడిగా కాలికి అంటుకుంటుంది. ఇక్కడి నేల కాళ్ల కింద గలగలమంటుంది.

ప్రొద్దుటూరు బజారులో ఒక పక్క బంగారం కొట్లు, ఇంకో పక్క పత్తి బస్తాలు. నడుమ కారం దోసెల బండ్లు. నేను బస్సు దిగీ దిగకముందే పుల్లయ్య దోసె తినిపించాడు. దోసె మీద ఎర్రకారం ముద్ద పూసి, ఆపైన పప్పుల పొడి చల్లుతారు. అణాకు ఒకటి. గుంటూరు మిరపకాయల పక్కన పుట్టినవాణ్ణి కదా అన్న ధీమాతో రెండు తిన్నాను. మూడోది నోట్లో ఉండగా గొంతు పోయింది. ఆ సాయంత్రమే ఉపన్యాసం!

"ఏందప్పా, కోస్తా కారం అంతేనా?" అని దోసెలాయన వెక్కిరించి, మజ్జిగ ఊరికే ఇచ్చాడు.

పఠన మందిరంలో జనం బాగానే వచ్చారు. అమెరికాలో పెద్ద పార్టీలు రెండనీ, ఒకదానికి గుర్తు ఏనుగనీ, రెండోదానికి గాడిదనీ చెప్పగానే నవ్వులు మొదలయ్యాయి. గాడిదను గుర్తుగా ఎవరు పెట్టుకుంటారని అడిగారు. మొదట ఎదుటివాళ్లు తిట్టడానికి అన్న మాటను వాళ్లే గర్వంగా తగిలించుకున్నారని చెప్పాను. ఒక ముసలాయన లేచి, "మా ఊర్లో తిట్లన్నీ గుర్తులు పెడితే అచ్చేసేదానికి కాగితం చాలదు" అన్నాడు.

పార్టీ అభ్యర్థిని ఎన్నుకోవడానికే అక్కడ ముందు ఒక చిన్న ఎన్నిక జరుగుతుందని, కొన్ని రాష్ట్రాల్లో ఓటర్లే తమ పార్టీ మనిషి ఎవరో చెబుతారని, తర్వాత పార్టీ వాళ్లంతా ఒక పెద్ద ఊళ్లో తిరునాళ్లలాగా చేరి బాజాలూ జెండాలతో పేరు ఖాయం చేస్తారని చెప్పాను. అది విని పుల్లయ్య యజమాని పెద్దగా నిట్టూర్చాడు. "మనకు టిక్కెట్టు ఎవురికిస్తారో ఇచ్చినాకనే తెలుస్తాది" అన్నాడు. ఆ నిట్టూర్పులో ఏదో సొంత అనుభవం వినిపించింది.

నా మాటల్లో వాళ్లకు అన్నిటికన్నా వింతగా తోచింది అమెరికా కాదు, నా "అండీ". ప్రతి మాటకూ అండీ అంటున్నానని లెక్కపెట్టి మరీ నవ్వారు. అక్కడ పెద్దవాళ్లనూ "అప్పా" అనే పిలుస్తారు. మొదట అది నాకు మొరటుగా వినిపించింది. రెండో రోజుకు నేనే కండక్టర్ని అప్పా అన్నాను.

జమ్మలమడుగు: మంగళవారమే ఎందుకు?

జమ్మలమడుగులో పెన్న చూశాను. మా కృష్ణ కాలువలు చూసిన కంటికి పెన్న అంటే ముందు ఇసుక, ఇసుక మధ్య ఎక్కడో గుర్తొచ్చినట్టు నీళ్లు. ఎగువన కొండల్లో వానలు మొదలయ్యాయని, దారిలో వాగులూ వంకలూ చూసుకుని బయలుదేరమని అక్కడివాళ్లు చెప్పారు. నేను వినలేదు.

ఇక్కడి శ్రోతలు చేనేత పనివాళ్లు. మగ్గాల చప్పుడు ఆపి వచ్చారు కాబట్టి ఊరికే వినరు, అడుగుతారు. ఓట్లు మంగళవారమే ఎందుకు వేస్తారన్నది మొదటి ప్రశ్న. నాకు తెలిసిన ప్రశ్న! పూర్వం అక్కడి రైతులు గుర్రబ్బండి కట్టుకుని రోజంతా ప్రయాణం చేసి ఓటు వేసేచోటికి రావలసి వచ్చేదని, ఆదివారం ప్రార్థన, బుధవారం సంత, రెంటికీ అడ్డురాకుండా మంగళవారం కుదిరిందని చెప్పాను. నవంబరు ఎందుకంటే కోతలయ్యాక, మంచు ముదరకముందు. వాళ్లకు ఇది వెంటనే నచ్చింది. పనికీ సంతకూ అడ్డురాని ఎన్నిక అంటే వాళ్ల దృష్టిలో తెలివైన ఎన్నిక.

తర్వాత అసలు చిక్కు వచ్చింది. అమెరికాలో దేశమంతటి ఓట్లు ఒకచోట కలిపి లెక్కపెట్టరు. నలభై ఎనిమిది రాష్ట్రాలున్నాయి. ప్రతి రాష్ట్రానికీ ఇన్ని అని ప్రతినిధి ఓట్లు ఉంటాయి. జనం ఎక్కువుంటే ఎక్కువ. కానీ ఎంత చిన్న రాష్ట్రానికైనా మూడుకు తగ్గవు. ఎందుకంటే జనంతో పని లేకుండా రాష్ట్రం అయినందుకే తలా రెండు ఇస్తారు. ఒక రాష్ట్రంలో ఎవరికి ఎక్కువ ఓట్లు పడితే ఆ రాష్ట్రపు ప్రతినిధి ఓట్లన్నీ వాళ్లకే. ఆ ప్రతినిధులు తర్వాత చేరి అధ్యక్షుడికి ఓటు వేస్తారు.

ఒక నేత పెద్దాయన లేచాడు.

"అయితే ఒక రాష్ట్రంలో లక్ష ఓట్ల తేడాతో గెలిచినా, ఒక్క ఓటు తేడాతో గెలిచినా ఒకటేనా?"

"ఒకటేనండీ."

"మరి మిగిలిన ఓట్లన్నీ పడుగులో తెగిన పోగులేనా?"

సభంతా నవ్వింది. నేనూ నవ్వాను. దేశం మొత్తం మీద తక్కువ ఓట్లు వచ్చినవాడు అధ్యక్షుడైన సందర్భాలు పోయిన శతాబ్దంలో ఉన్నాయని చెప్పాను. "ఉంటాయి, ఉంటాయి" అన్నాడాయన, ఆ నేరం నాదే అయినట్టు చూస్తూ.

ఆ రాత్రి పుల్లయ్య ప్రొద్దుటూరు తిరిగి వెళ్లిపోయాడు. నేను మరునాడు పొద్దున్నే పులివెందుల బస్సెక్కాను.

వంక పారింది

ముద్దనూరు దాటాక ఒక చోట బస్సు ఆగిపోయింది. ముందు రోడ్డు లేదు. రోడ్డు ఉండాల్సిన చోట ఎర్రటి నీళ్లు ఉరకలు వేస్తున్నాయి. మొన్నటిదాకా చుక్క నీరు లేని వంక అట. పైన వాన పడిందని వాళ్లు చెప్పినప్పుడు విని ఉంటే బాగుండేది.

"రేపు పొద్దునకు గాని దిగదు. దిగండి, టీలు తాగండి" అన్నాడు కండక్టరు, అదేదో తానే ఏర్పాటు చేసిన విందు అన్నట్టు.

వంక ఒడ్డున, రోడ్డు పక్కనే బోదగడ్డి కప్పిన పాక, వాళ్ల మాటలో కొట్టం. అది హుసేనమ్మ టీ కొట్టు. హుసేనమ్మ దూదేకుల మనిషి. భర్త పోయాక దూది ఏకడం మానేసి, బస్సులు ఆగే ఈ చోట టీ పెట్టుకుంది. పొయ్యి దగ్గర నుంచి కదలకుండానే అందరినీ తిట్టగలదు, అందరికీ టీ ఇవ్వగలదు. ఆమె టీలో అల్లం ఎంత వేస్తుందంటే, ప్రొద్దుటూరులో పోయిన నా గొంతు అక్కడ తిరిగి వచ్చింది.

కొట్టం ముందు ఇద్దరు గట్టిగా వాదించుకుంటున్నారు. ఒకరు తలపాగా చుట్టిన పెద్దమనిషి, పంచాయతీ ప్రెసిడెంటు ఓబన్న. రెండోవాడు హరిజనవాడ మనిషి నరసింహులు, చెక్కభజన నేర్పే గురువు. తగవు ఒక రేడియో గురించి.

సర్కారు పంచాయతీకి ఒక రేడియో ఇచ్చింది. బ్యాటరీతో పాడేది. ఆ పంచాయతీలో మూడు ఊళ్లు ఉన్నాయి. ఓబన్న ఉండే పెద్దూరు, గొర్రెల కాపరులుండే కొట్టాలు అనే పల్లె, హరిజనవాడ. ఆ చివరిదాన్ని వాళ్లంతా పేట అంటారు. రేడియో ఒకటే. అందరూ వినగలిగే చోట పెట్టుకోండని అధికారి చెప్పి వెళ్లాడు. అప్పటినుంచి అది పెట్టె విప్పకుండా ఓబన్న ఇంట్లో ఉంది.

"నా అరుగు మీద పెడతా. ఇనొద్దని ఎవురినైనా అన్నానా? వచ్చి ఇనండి" అన్నాడు ఓబన్న.

"అరుగు ఎక్కనిస్తావా?"

"ఎక్కేదెందుకు? కింద నిలబడితే చెవులు పన్జెయ్యవా?"

నరసింహులు మా ప్రయాణికుల వైపు తిరిగాడు. "ముద్దనూరులో ఒక హోటలు ముందర నిలబడి రేడియోలో హరికథ ఇన్నానప్పా. మంచి ఘట్టంలో ఉండంగా బక్కెట్టు నీళ్లు చల్లి పొమ్మన్నారు. నిలబడి ఇనేది ఎట్లుంటాదో నాకు శానా బాగ తెలుసు. హుసేనమ్మ కొట్టంలో పెట్టమను. ఈడ ఎవురైనా కూచుంటారు."

హుసేనమ్మ గరిటె ఎత్తింది. "నా కొట్టంలో పెడితే నేను చూసుకుంటా. వానొస్తే కప్పుతా, ముయ్యాల్సినప్పుడు మూస్తా. కానీ నా కొట్టం కాడ కొట్టుకోగాకండి, పాలు విరుగుతాయి."

పెద్దూరి మనుషులు మరికొందరు చేరారు. ఓటు పెట్టండని ఒకరన్నారు. "ఓటు పెడితే పెద్దూరిదే గెలుపు. తలకాయలు మీవే ఎక్కువ గదా" అన్నాడు నరసింహులు.

నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. నలభై ఎనిమిది రాష్ట్రాల సంగతి చెప్పాను.

పెద్దూరికి అయిదు, మిగతా వాటికి మూడేసి

చెబుతున్నంతసేపూ ఓబన్న వేళ్లు మడుస్తూ ఉన్నాడు. ఊరన్నందుకు తలా రెండు. జనం లెక్కన పెద్దూరికి ఇంకో మూడు, కొట్టాలకు ఒకటి, పేటకు ఒకటి. అంటే అయిదు, మూడు, మూడు. ఊళ్లో ఎవరికి ఎక్కువ పడితే ఆ ఊరివన్నీ వాళ్లకే.

"కొట్టాల గొర్లు నా చేన్లోనే గదా కట్టేది" అని పక్కవాడితో అనడం నాకు వినిపించింది. కోతలైన చేలో రాత్రిళ్లు మందను ఆపి ఎరువు చేయించుకోవడం అక్కడి ఆచారం. చేను గలాయన కాపరులకు గింజలిస్తాడు. కాబట్టి కొట్టాలు ఆయన చేతిలో ఉన్నట్టే. అయిదూ మూడూ ఎనిమిది.

"అమెరికా మాదిరే పెడదాం. నేను ఒప్పుకుంటాండా. అందురూ ఇన్నారు గదా?" అన్నాడు ఓబన్న.

నరసింహులు కూడా వేళ్లు మడిచాడు. ఆయనకు మూడూ మూడూ ఆరు కనిపించాయి. ఆయనా ఒప్పుకున్నాడు.

బయటివాళ్లం కాబట్టి నన్నూ కండక్టర్నీ ఓట్లు చూసే అధికారులుగా పెట్టారు. నా జన్మలో అంత గౌరవం ఎన్నడూ రాలేదు. మొన్నటి శాసనసభ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. వాళ్లకు ఆ పద్ధతే తెలుసు. కాబట్టి రెండు కడవలు తెచ్చి, బొగ్గుతో ఒకదాని మీద టీ గ్లాసు, ఇంకోదాని మీద నాగలి గీశాం. గ్లాసు హుసేనమ్మది, నాగలి ఓబన్నది. కడవల ముందు గొర్రెబొచ్చు కంబళి అడ్డంగా కట్టాం. మనిషికి ఒక చెనిక్కాయ. నచ్చిన కడవలో వేసి రావాలి. కడవలు ఊరూరికీ మోసుకెళ్లి, ఏ ఊరివి ఆ ఊళ్లోనే లెక్కపెట్టాలి.

అమెరికాలో కొన్నిచోట్ల కంబళి బదులు తెర ఉంటుందని, తెర వెనక యంత్రానికి మీట నొక్కితే ఓటు పడుతుందని కండక్టరుకు చెప్పాను. "మీట నొక్కేదానికి అంత దూరం పోవల్లనా? మా బస్సు హారను నొక్కుతే చాలదా?" అన్నాడు.

పెద్దూరిలో ఓబన్నకు ఓట్లు దండిగా పడ్డాయి. ఒక అవ్వ నాగలి కడవకు దండం పెట్టి, చెనిక్కాయ వెయ్యడం మరిచి తిరిగి వచ్చేసింది. కండక్టరు మళ్లీ పంపాడు. పేటలో గ్లాసుకే అన్నీ, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి ఎవరిదో పేటంతటికీ తెలుసు. ఓబన్న దగ్గర జీతానికి ఉండేవాడిది. అతణ్ణి ఎవరూ ఒక మాట అనలేదు.

పేటలో ఉండగా నరసింహులు నన్నడిగాడు. "ఆడ మా మాదిరోళ్లు ఓటేస్తారా అప్పా?"

చదివింది చదివినట్టే చెప్పాను. ఓటు హక్కు నల్లవాళ్లకూ చట్టంలో ఉంది. కానీ దక్షిణాన కొన్ని రాష్ట్రాల్లో ఓటరుగా పేరు రాయించుకోవడానికి వెళితే, రాజ్యాంగం చదివి అర్థం చెప్పమంటారు. ఎంత బాగా చెప్పినా తప్పే అంటారు. కొన్నిచోట్ల ఓటుకు పన్ను అడుగుతారు.

"అంటే ఆడా అరుగు కిందే నిలబెడతాండారు" అన్నాడు నరసింహులు.

ఒక కాయ, రెండు గింజలు

కొట్టాలకు చేరేసరికి ఓబన్న ముఖం మొదటిసారి చిన్నబోయింది. మగవాళ్లు దాదాపు ఎవరూ లేరు. మందలతో ఆయన చేలోనే ఉన్నారు. ఆ చేను వంకకు అవతల ఉంది. వంక నిండుగా పారుతోంది. ఓటు వేయడానికి ఆడవాళ్లు, ముసలివాళ్లు, కాలు బెణికి ఇంట్లో ఉండిపోయిన ఎర్రన్న మాత్రమే ఉన్నారు.

ఎర్రన్న ఓబన్నకు నమ్మినబంటు. కుంటుకుంటూ వచ్చి కంబళి వెనక్కి వెళ్లి, ఒక లావుపాటి కాయ వేసి వచ్చి, "రెండు గింజల కాయ. ఒకటి నాది, ఒకటి నా పెండ్లాం లచ్చుమమ్మది. ఆయమ్మ గొర్రె ఈనుతాంటే రాలేదు" అన్నాడు. అందరం నవ్వేశాం.

లెక్కపెడితే నవ్వు ఆగిపోయింది. రెండు కడవల్లోనూ సమానం.

"సమానం యాడిది? నేను రెండేసినా గదా. నాగలికి ఒకటి ఎక్కువ" అన్నాడు ఎర్రన్న.

"అన్ని కాయల్లోనూ రెండు గింజలే ఉంటాయి గదప్పా! అట్లయితే అందరివీ రెండేసి లెక్కపెట్టాల" అన్నాడు కండక్టరు.

"అయితే ఇంకో కాయ ఇయ్యి. ఆయమ్మ పేరున నేనే ఏస్తా."

"ఇయ్యప్పా. పెండ్లాం ఓటు మొగుడేస్తే ఏమైతాది?" అన్నాడు ఓబన్న.

అందరూ నా ముఖం చూశారు. నరసింహులు కూడా వచ్చి ఉన్నాడు, కాస్త దూరంగా. ఈ ఒక్క కాయలో ఆయన కూర్చునే చోటు ఉంది. అమెరికాలో ఆడవాళ్లు ఓటు కోసం ఏళ్లకేళ్లు పోరాడి, ఈ శతాబ్దంలోనే దేశమంతటా సాధించుకున్నారని, మన దేశంలో ఆడా మగా ఒకేసారి వేశారని చెప్పాను. ఆ తర్వాత, మన దేశం సంగతే ఇంకొకటి చెప్పాను. మన మొదటి ఎన్నికల్లో ఫలానావాడి పెండ్లాం అని మాత్రమే రాయించుకుని, సొంత పేరు చెప్పని ఆడవాళ్లను చాలాచోట్ల ఓటర్ల జాబితాలోంచి తీసేశారు. పేరు ఎవరిదో ఓటు వాళ్లదే.

"అయితే ఆయమ్మనే రమ్మను" అన్నాడు ఎర్రన్న, ఏ బెంగా లేకుండా.

లచ్చుమమ్మ అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను చంకన పెట్టుకుని వచ్చింది. విషయమంతా విన్నది. పిల్లను ఎర్రన్న చేతుల్లో పెట్టింది, కాయ తీసుకుని కంబళి వెనక్కి వెళ్లింది. కడవలో కాయ పడ్డ చప్పుడు వినిపించింది. ఏ కడవో తెలియలేదు.

మళ్లీ లెక్కపెట్టాం. గ్లాసుకు ఒకటి ఎక్కువ.

"ఏందే ఇది!" అన్నాడు ఎర్రన్న.

"ఏందంటే? నీ గింజ నువ్వేసినావు. నా గింజ నేనేసినా."

"ఓబన్న మన చేను గలాయన గదే!"

"ఆయన అరుగు మీద ఆడోళ్లు కూచుంటారా? హుసేనమ్మ కాడైతే కాళ్లు చాపుకోని ఇంటాం. పిల్లను సరిగ్గా పట్టుకో మామా, మెడ వంగిపోతాంది!"

కొట్టాలు మూడు, పేట మూడు. ఆరు. పెద్దూరికి అయిదు. రేడియో హుసేనమ్మ కొట్టానికి.

పెద్దూరి మనుషులు నా మీదికి వచ్చారు. "అన్ని కాయలూ కలిపి పోసి లెక్కపెట్టు, మావే ఎక్కువ!" అన్నారు. నిజమే. కలిపి పోస్తే ఓబన్నే గెలుస్తాడు. జమ్మలమడుగు పెద్దాయన అన్న తెగిన పోగులు ఇప్పుడు నా చుట్టూ మనుషులై అరుస్తున్నాయి. అమెరికాలో ఓడినవాడు గెలిచినవాడికి అభినందన తంతి పంపడం మర్యాద అని మాత్రం చెప్పగలిగాను.

ఓబన్న చెయ్యెత్తి వాళ్లను ఆపాడు. "ఒప్పుకున్న మాట. కాదంటే ముద్దనూరు దాకా నవ్వుతారు. రేడియో ఈ పొద్దే పంపిస్తా." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "బ్యాటరీ మాత్రం నా ఇంట్లోనే ఉంటాది. దాని సంగతి ఓటులో చెప్పలేదు గదా?"

నిజంగానే చెప్పలేదు.

ఆ సాయంత్రం లచ్చుమమ్మ రాగి సంగటీ, ఊరిమిండి అని వాళ్లనే చెనిగ్గింజల పచ్చడీ పెట్టింది. మా వైపు అన్నం కలుపుకుంటాం. ఇక్కడ వేడి ముద్దకు గుంట చేసి పచ్చడి వేసుకుని, అద్దుకుని తింటారు. నేను నమలబోతే, మింగాలని ఎర్రన్న నేర్పించాడు. భార్యాభర్తలు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు గాని, గొర్రెపిల్లకు పాలు పట్టే విషయంలో మాత్రం చాలాసేపు తగవు పడ్డారు.

పులివెందుల: పుస్తకం మూసి

మరునాడు వంక దిగింది. హుసేనమ్మ కొట్టంలో రేడియో బల్ల మీద ఉంది, చిన్న గుడ్డ కప్పుకుని, మూగగా. నరసింహులు దాని ఎదురుగా కూర్చుని ఉన్నాడు. "కూచునేదానికైతే చోటు దొరికిందప్పా" అని నవ్వాడు. బస్సెక్కానే గాని మనసంతా అక్కడే ఉంది. గెలిచిన మనిషికి గెలుపు చేతికందకపోతే ఆ లెక్కంతా దేనికి?

పులివెందులలో సభ ఒక వకీలు గారి ఇంటి ముందు జరిగింది. ఎండ చల్లబడ్డాక నిమ్మకాయ నీళ్లు ఇచ్చి కూర్చోబెట్టారు. నేను రాసుకొచ్చిన ఉపన్యాసం పక్కన పెట్టేశాను. కడవలు, కంబళి, రెండు గింజల కాయ, వీటితోనే అమెరికా అంతా చెప్పాను. అంత శ్రద్ధగా నన్ను ఎవరూ వినలేదు. వకీలు గారు మాత్రం చివర్న పట్టుకున్నారు.

"ఎక్కువ మంది వద్దన్న చోట రేడియో పెట్టించినారు. అది న్యాయమేనా?"

"ఎక్కువ మంది ఒకే అరుగు మీద ఉన్నప్పుడు, కింద ఉన్నవాళ్లకు ఎప్పటికీ వంతు రాదు కదండీ. కానీ ఈ లెక్క రేపు తిరగబడి కొద్దిమంది పెత్తనానికీ పనికొస్తుంది. అమెరికా వాళ్లే ఇంకా వాదించుకుంటున్నారు" అన్నాను. ఆయన తృప్తిపడలేదు. నిజానికి నేనూ పడలేదు.

రెండు రోజులు అక్కడే ఉన్నాను. గండి ఆంజనేయస్వామిని చూసి రమ్మన్నారు, వెళ్లి వచ్చాను. పాపఘ్ని నీళ్లు మోకాళ్లకు తగులుతుంటే, మా వంక సంగతి ఏమైందోనన్న ఆలోచనే.

తిరుగు బస్సు

వంక దగ్గరికి వస్తుండగానే పాట వినిపించింది. మొదట బస్సులో ఎవరో పాడుతున్నారనుకున్నాను. కాదు. బస్సు ఆగకముందే దూకేశాను.

కొట్టం నిండా జనం. కొట్టాల ఆడవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. నరసింహులు బల్ల పక్కనే, తొడ మీద తాళం వేసుకుంటూ ఉన్నాడు. రేడియోలో విజయవాడ కేంద్రం నుంచి జానపద గీతాలు.

"బ్యాటరీ ఎట్లా వచ్చింది?" అని హుసేనమ్మను అడిగాను.

"లచ్చుమమ్మ మగోళ్లకు కబురు పెట్టింది. బ్యాటరీ రాకుంటే మందలు ఇంకో చేనికి తోలుకుపోండని. గొర్లు లేసి నిలబడినాయో లేదో, ఓబన్న తానే ఎత్తుకోనొచ్చినాడు" అంది. "అదిగో, ఈడనే ఉండాడు."

ఓబన్న కొట్టం బయట నిలబడి, ఇంటి నుంచి తెచ్చుకున్న సొంత గ్లాసులో టీ తాగుతున్నాడు. లోపల కూర్చోలేదు. కూర్చోమని ఎవరూ అనలేదు కూడా. చెనిక్కాయల ధరలు చెబుతారని వచ్చాడట.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. అమెరికా ఫలితాలు ఆ రోజే వార్తల్లో రావాలి. "మీట తిప్పండి, ఇంకో కేంద్రంలో వార్తలొస్తుంటాయి, అమెరికాలో ఎవరు గెలిచారో చెబుతారు" అన్నాను.

"గమ్మునుండప్పా, పాట వస్తాంది" అన్నాడు నరసింహులు.

"రెండు నిమిషాలేనండీ!"

"ఓటు పెడదాం. పాట కావాలనేటోళ్లు చేతులెత్తండి" అంది లచ్చుమమ్మ.

కొట్టం నిండా చేతులు లేచాయి. ఎర్రన్న ఉత్సాహంగా రెండూ ఎత్తాడు. లచ్చుమమ్మ ఒకటి లాగి కిందికి దించింది. వార్తలు కావాలన్న వైపు ఒక చెయ్యి నాది. ఇంకోటి, బయటి నుంచి, టీ గ్లాసుతో సహా, ఓబన్నది.

కండక్టరు ఈల వేశాడు. అమెరికాలో ఎవరు గెలిచారో తెలియకుండానే నేను బస్సు వైపు నడిచాను. ఓబన్న నాతోపాటు రోడ్డు దాకా వచ్చాడు.

"తంతి ఎవురికిద్దామప్పా?" అని అడిగాడు.

ఇద్దరం వెనక్కి తిరిగి, కొట్టం వైపు చేతులెత్తి దండం పెట్టాం. ఎవరూ చూడలేదు. వాళ్లు పాట వింటున్నారు.